అడగకుండా వేసిన పన్ను

హాల్‌బరీ, మసాచుసెట్స్
1774 జనవరి

అక్కా,

మేం కులాసా. మీ బోస్టన్ రేవులో టీ పెట్టెలు పగలగొట్టి సముద్రంలో పారబోశారన్న కబురు వచ్చాక మా ఊళ్ళో ఎవరికీ కాలు నిలవలేదు. మొన్న ప్రార్థనా మందిరం ముందు మంట వేశాం. ఎవరింట్లో ఉన్న టీ వాళ్ళు తెచ్చి అందులో పోయడమే. ఒక ముసలావిడ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని గట్టిగా ఒకసారి వాసన పీల్చుకుని మరీ మంటలో వంచింది. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అడవిపండ్ల ఆకులు కాచుకుని తాగుతున్నాం. మా ఆయన ఈనస్ మొదటి గుక్క మింగి, "స్వేచ్ఛ రుచి ఇదే అయితే ఇంకాస్త తేనె వెయ్యి" అన్నాడు.

బావగారు సుంకాల కచేరీలో రాజుగారి జీతం తీసుకునే మనిషి. ఆయన భార్యకు ఇలాంటివి రాయొచ్చో లేదో నాకు తెలియదు. రాయొద్దంటే చెప్పు. అయినా రాస్తాను.

నాన్న తెరచాపల కొట్టు ఎలా ఉంది? ఒకసారి ఇక్కడికి రమ్మను. సముద్రం కనపడని చోట నిద్ర పట్టదంటాడు, తెలుసు. అయినా అడుగు.

నీ కెజాయా


బోస్టన్
1774 జూన్

కెజాయా,

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. ముసలావిడ దగ్గర పగలబడి నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు. రేవు మూసేశారు. పారబోసిన టీకి వెల కట్టేదాకా ఒక్క ఓడ రాకూడదు, ఒక్క ఓడ పోకూడదు. వీధుల నిండా రాజుగారి ఎర్రకోటు సిపాయిలు. కుట్టడానికి చాపలు లేక నాన్న పాతవాటిని విప్పి మళ్ళీ కుడుతున్నాడు.

మీ బావ మాట కూడా విను. "ఫ్రెంచివాళ్ళు మన సరిహద్దు పల్లెలు తగలబెడుతుంటే వచ్చి కాపాడింది ఎవరు? ఈ సిపాయిలే. ఆ యుద్ధం ఖర్చులో మీరూ కొంచెం పెట్టుకోండి అన్నారు. ముద్ర కాగితాల మీద పన్ను వద్దన్నారు, తీసేశారు. గాజు మీద, రంగుల మీద వద్దన్నారు, తీసేశారు. ఒక్క టీ మీద ఉంచితే దాన్ని చేపలకు పోశారు. ఇంకేం చేయాలి రాజు?" అంటాడు. నాకు అందులో పెద్ద తప్పు కనపడదు. కానీ నాన్న ఖాళీ చేతులు చూస్తుంటే ఆ మాటలు నా గొంతు దిగవు.

ఒక్కటడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ మందిరం పెద్ద, ఆ డీకన్ లేత్రప్, మంట దగ్గర స్వేచ్ఛ గురించి గంటసేపు మాట్లాడాడన్నారు. అతను కొనితెచ్చుకున్న నల్లవాడు క్వాకో అప్పుడు ఏం చేస్తున్నాడు? ఆ మంటకు కట్టెలు మోసింది అతనే అయి ఉంటాడు.

అక్క టామ్‌సిన్


హాల్‌బరీ
1774 అక్టోబరు

అక్కా,

బావ అంత లెక్క చెప్పాడు, ఒక్క ముక్క మాత్రం వదిలేశాడు. పన్ను చిన్నదా పెద్దదా అని కాదు గొడవ. నువ్వు మా ఇంటికొచ్చి "ఉప్పు ఇవ్వవే" అంటే సంచి ఎత్తి ఇస్తాను. చెప్పకుండా డబ్బాలో చెయ్యి పెడితే చిటికెడైనా చెయ్యి పట్టుకుంటాను. ఆ పార్లమెంటులో మన తరఫున కూర్చున్నది ఎవరు? ఒక్కడి పేరు చెప్పమను బావని.

ఇప్పుడు ఊరి సభ పెట్టుకోవాలన్నా గవర్నరు సెలవు ఇవ్వాలట. నూరేళ్ళుగా మా దారులు, మా కంచెలు, మా బడి పంతులు జీతం మేమే తేల్చుకున్నాం కదా! డీకన్ లేచి, "సభ పెట్టొద్దన్నారు. పెట్టాలా మానాలా తేల్చుకోవడానికి ఒక సభ పెడదాం" అన్నాడు. పెట్టాం. మందిరం కిక్కిరిసిపోయింది. మీ ఊరికి గొర్రెలు, మొక్కజొన్నలు పంపుతున్నాం. నాన్నకో సంచి ప్రత్యేకం.

మగవాళ్ళు సాయంత్రాలు పచ్చికబయల్లో కవాతు చేస్తున్నారు. ఈనస్‌కి కుడికాలు ఎడంకాలు ఇప్పటికీ తేడా తెలియడం లేదు. ఇంతకంటే రాయను.

క్వాకో సంగతి డీకన్‌ని అడిగాను. "అది వేరే సంగతమ్మా" అన్నాడు. వేరే ఎలా అయిందో చెప్పలేదు. బాగా గుచ్చావు.

కెజాయా


హాల్‌బరీ
1775 మే

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చినావిడకు రొట్టె పెట్టు, పేరు మాత్రం అడగకు.

ఏం జరిగిందో మీ వాళ్ళు వాళ్ళకి తోచినట్టు చెప్పి ఉంటారు. కంకర్డ్ ఊళ్ళో మావాళ్ళు దాచిన మందుగుండు కోసం ఎర్రకోటువాళ్ళు వస్తున్నారని పొద్దున్నే గంట కొట్టారు. ఈనస్ సగం తిన్న రొట్టె అలాగే వదిలేసి పరిగెత్తాడు. వాళ్ళు బోస్టన్‌కి తిరిగి వెళ్ళే దారి పొడుగునా మావాళ్ళు రాతిగోడల వెనకనుంచి కాల్చారు. మా ఊరివాళ్ళు ఇద్దరు మళ్ళీ రాలేదు. ఈనస్ వచ్చాడు. వచ్చి గడప మీద కూర్చుని ఒకటే మాటన్నాడు: "వాళ్ళు కూడా మన భాషలోనే ఏడుస్తున్నారు కెజాయా. అమ్మా అనే అంటున్నారు."

మర్నాడు మళ్ళీ తుపాకీ భుజానేసుకుని బోస్టన్ ముట్టడికి వెళ్ళాడు. నేను ఆపలేదు. మొదటి కాల్పు ఎవరిదని మీరు వాదించుకుంటూ కూర్చోండి. మా పొలాల్లోకి తుపాకులతో వచ్చింది ఎవరన్నది నాకు చాలు.

అమ్మ తగరపు పళ్ళాలు ఉన్నాయే, నీ పెళ్ళిలో ఎవరికెన్నని పోట్లాడి మాటలు మానేసుకున్నాం, అవి కరిగించి తూటాలు పోశాను. నా వాటావి ముందు. అవి చాలక నీ వాటావి కూడా. కోపమొస్తే వచ్చి తిట్టు. రాలేవుగా! ఊరి చుట్టూ మావాళ్ళే.

ఆయుధాలు అప్పగించినవాళ్ళని గవర్నరు బయటికి వదులుతున్నాడట. నాన్న దగ్గర సూదులు తప్ప ఏమున్నాయి? పంపించెయ్యి.

కెజాయా


బోస్టన్
1775 డిసెంబరు

ప్రియ సోదరికి,

నాన్నగారు క్షేమం. ఇక్కడ చలి ఎక్కువగానే ఉంది. తినడానికి దొరుకుతోంది. సైనికాధికారులు మర్యాదస్తులు. నీవు విచారించవలసిన పని లేదు.

పాత పళ్ళాలు తీసివేసినందుకు నాకు కోపం లేదు. నా వాటా కూడా మంచి పనికే వెళ్ళిందని తలుస్తున్నాను.

ఇట్లు,
మిసెస్ ఆంబ్రోస్ పెల్


బోస్టన్
1776 మార్చి

నాన్న ఎక్కడ?

కొండ మీద మావాళ్ళు ఫిరంగులు ఎక్కించేసరికి మీవాళ్ళందరూ ఓడలెక్కి పోయారు. ఉత్తరాన ఇంకా రాజుగారి చేతిలోనే ఉన్న హాలిఫాక్స్‌కి వెళ్ళారంటున్నారు. ఈ ఉత్తరం ఏ చేపల పడవలో పడి నిన్ను చేరుతుందో నాకు తెలియదు. ఊళ్ళో మశూచి ఉందని, అది ఒకసారి వచ్చి పోయినవాళ్ళనే ముందుగా లోపలికి వదిలారు. నా ముఖం మీద మచ్చలు మొదటిసారి పనికొచ్చాయి.

నాన్న కొట్టుకి తలుపు లేదు. కుట్టుపని బల్లలు పొయ్యిలో పెట్టేశారు. గోడకి చాపలు వేలాడేసే కొక్కేలు మాత్రం మిగిలాయి. పక్కింటావిడ నన్ను చూసి, "మీ నాన్నని చలి మొదలవకముందే పట్టుకుపోయారు కదమ్మా, నీకు తెలీదూ? మీ అక్క రోజూ గిన్నె పట్టుకుని జైలు వైపు వెళ్ళేదే" అంది. జైలుకి వెళ్ళాను. ఖాళీ. అడిగితే చెప్పేవాడు కూడా లేడు.

"నాన్నగారు క్షేమం" అని నువ్వు రాసిన రోజున ఆయన ఎక్కడున్నాడు? రాజుగారి అధికారులు మర్యాదస్తులని రాసిన రోజున?

నాన్న ఎక్కడ అక్కా?


హాలిఫాక్స్
1776 జూన్

కెజాయా,

నాన్న లేడు. ఫిబ్రవరిలో జైలు జ్వరంతో పోయాడు. ఈ మాట నీ ముందు కూర్చుని చెప్పాల్సింది.

నిరుడు సెప్టెంబరులో ఒక కెప్టెన్ కొట్టుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "బార్నబస్ క్రూ అంటే నువ్వేనా? బోస్టన్‌లో నీ అంత గట్టి కుట్టు ఎవరూ వెయ్యరట. మాకు గుడారాలు కావాలి. కూలి ఇస్తాం" అన్నాడు.

"చేతులు నొప్పులు" అన్నాడు నాన్న.

"ఇప్పుడే చాప కుడుతున్నావుగా?"

"అది నొప్పి లేని పని. మీది నొప్పి ఉన్న పని."

కెప్టెన్ నవ్వాడు. మంచివాడిలాగే ఉన్నాడు. "సరే పెద్దాయనా, రాజుగారి ఆజ్ఞ అనుకో" అన్నాడు.

"రాజుగారిని వచ్చి సూదిలో దారం ఎక్కించమనండి, అప్పుడు చూద్దాం" అన్నాడు నాన్న. బల్ల మీంచి లేవకుండానే.

సాయంత్రానికి తీసుకుపోయారు. మీ బావ ఆంబ్రోస్ టోపీ చేతిలో పట్టుకుని ఎంతమంది గుమ్మాల ముందు నిలబడ్డాడో నేను చూశాను. ఇన్నేళ్ళు నౌకరీ చేసిన మనిషిని పట్టుకుని ఒక కుర్ర అధికారి, "తిరుగుబాటుదారు అల్లుడివేగా నువ్వు?" అన్నాడట. ఇంటికొచ్చి కోటు విప్పకుండా కూర్చుండిపోయాడు.

రోజూ గంజి తీసుకెళ్ళేదాన్ని. "ఎవరింటిదిది?" అని అడిగాడు నాన్న మొదటిరోజు. మీ బావ సొమ్ముతో వండినదని తెలిస్తే ముట్టడని, పక్కింటావిడ ఇచ్చిందని అబద్ధమాడాను. ఒక గుక్క తాగి, "పక్కింటావిడ కూడా నీలాగే ఉప్పు ఎక్కువ వేస్తుందే" అన్నాడు. మొత్తం తాగాడు.

నీకు చెప్పొద్దన్నది ఆయనే. "చిన్నదానికి రాయకు. రాస్తే మొగుణ్ణీ తుపాకీనీ వెంటేసుకుని కందకాల మీద పడి వచ్చేస్తుంది. ఆ పెంకితనం నాదే, నాకు తెలుసు" అన్నాడు. ఎలాగూ ఉత్తరాలన్నీ సిపాయిలు విప్పి చదివేవాళ్ళు. మన మందిరాల్లో ఒకదాన్ని గుర్రపుస్వారీ శాల చేశారు కెజాయా, బల్లలు పీకేసి మట్టి పోశారు. అలాంటివాళ్ళని మర్యాదస్తులని రాస్తే నీకు అర్థమవుతుందనుకున్నాను.

ఊరి పచ్చికబయలు పక్క శ్మశానంలో, గోడ వైపు నాన్నను పడుకోబెట్టాం. పెట్టె దొరకలేదు. ఆయన కుట్టిన తెరచాపలోనే చుట్టాం. రాయి లేదు.

ఓడ ఎందుకెక్కానంటావా? "అక్కడ నన్ను నమ్మరు, ఇక్కడా నమ్మడం లేదు. జీతమిచ్చినవాడి వెంటే పోతాను" అన్నాడు మీ బావ. ఆయన్ని ఒంటరిగా పంపలేకపోయాను.

టామ్‌సిన్


హాల్‌బరీ
1776 ఆగస్టు

టామ్‌సిన్ పెల్ గారికి,

మీరు చెప్పిన చోట వెతికి, మట్టి తేడా చూసి గుర్తుపట్టాను. రాయి వేయించాను. పేరు, దాని కింద 'కుట్టను అన్నవాడు' అని చెక్కించాను. పాస్టరు గారు బైబిలు వాక్యం వెయ్యమన్నారు. ఇదే వెయ్యమన్నాను.

మొన్న ఆదివారం మందిరంలో మన వలస రాష్ట్రాల కాంగ్రెసు చేసిన స్వాతంత్ర్య ప్రకటన చదివారు. మనకిక రాజు లేడు. చదివినంతసేపూ ఎవరూ దగ్గలేదు కూడా. అయ్యాక గంట కొట్టినవాళ్ళు ఆపమన్నా ఆపలేదు. ఈనస్ సెలవు మీద వచ్చి నా పక్కనే ఉన్నాడు. మళ్ళీ వెళ్ళిపోయాడు.

మీ ఆయన గుమ్మాల ముందు నిలబడి బతిమాలాడని రాశారు. నాన్న కూర్చునే కాదన్నాడు. ఆ తేడా మీకు తెలిసే ఓడ ఎక్కారు. నాన్నని చంపినవాళ్ళ ఓడ.

నేను ఏ దేశం మనిషినో నాకు ఇప్పుడు తెలుసు. మీరు ఏ దేశం మనిషో మీరు తేల్చుకోండి. నాకు ఉత్తరాలు రాయకండి.

కెజాయా థర్లో


హాలిఫాక్స్
1778 ఏప్రిల్

చెల్లీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేస్తే చింపెయ్యి, మొదటి వాక్యం చదివి చింపు: ఈనస్ పోయాడని విన్నాను.

ఇక్కడి జైల్లో మీ ఓడల మీద పట్టుబడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి గంజి తీసుకెళ్తున్నాను. ఎందుకు మొదలుపెట్టానో నీకు చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర సార్జెంటు అడ్డం నిలబడి, "తిరుగుబాటు వెధవలకి వంట చేసి పెడుతున్నావా? ఎవరి మనిషివి నువ్వు?" అన్నాడు. "ఆపాలనుంటే నన్నూ లోపల వెయ్యి. అక్కడే వండుతాను, మోత తప్పుతుంది" అన్నాను. తప్పుకున్నాడు. నేను ఇలా మాట్లాడగలనని నాకే తెలియదు.

ఇంటికెళ్ళి భయపడుతూ మీ బావతో చెప్పాను. మర్నాడు కసాయి కొట్టునుంచి ఆ గంజిలోకి ఎముకలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ ఖైదీల్లో ఒకడిది హాల్‌బరీ. ఈనస్ చలికాలం శిబిరంలో పోయాడని అతనే చెప్పాడు. నువ్వు ఒక్కదానివే పొలం దున్నుతున్నావని కూడా చెప్పాడు. నన్ను ఎంతైనా తిట్టు. తిట్టడానికైనా రాయి.

కిందటి నెల నాకు కూతురు పుట్టింది. లోయిస్.

అక్క


హాల్‌బరీ
1778 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం రొట్టెల పిండి డబ్బా మీద చాలాకాలం పెట్టుకున్నాను.

ఈనస్ సంగతి నిజమే. సరటోగాలో ఒక ఇంగ్లీషు సైన్యం మొత్తం మావాళ్ళకి లొంగిపోయింది. ఆ రోజు రాసిన ఉత్తరంలో అక్షరాలు కూడా గంతులేస్తున్నాయి. "వాళ్ళు తుపాకులు కింద పెడుతుంటే మేం చూస్తూ నిలబడ్డాం కెజాయా, వెక్కిరించలేదు" అని రాశాడు. తర్వాత పెన్సిల్వేనియా శిబిరానికి నడిపించారు. కాళ్ళకి బూట్లు లేక గుడ్డలు చుట్టుకున్నాడట. తూటా తగల్లేదు. జ్వరం వచ్చింది. నాన్నకొచ్చిన జ్వరమే.

నీకెందుకు రాయలేదో చెప్తాను. రాస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడుస్తున్నావని తెలిస్తే నిన్ను క్షమించాల్సి వస్తుంది. దానికి నేను సిద్ధంగా లేను. ఇప్పటికీ పూర్తిగా లేను. కానీ ఆ సార్జెంటుతో అన్న మాట చదివినప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. ఈనస్ పోయాక నవ్వడం అదే మొదలు.

దున్నడం వచ్చేసింది. సాలు వంకరగా పోతుంది. మొక్కజొన్నకి ఆ సంగతి తెలియదు, బాగానే మొలిచింది.

క్వాకో, డీకన్ కొడుక్కి బదులుగా సైన్యంలో చేరాడు. తిరిగొస్తే విడుదల చేస్తానని డీకన్ కాగితం రాసిచ్చాడు. వేరే సంగతి కాదని ఒప్పుకున్నట్టేగా!

పాప ముక్కు ఎవరిది? మీ ఆయనది కాకపోతే బాగుండు.

కెజాయా


హాలిఫాక్స్
1783 ఫిబ్రవరి

చెల్లీ,

యార్క్‌టౌన్‌లో మావాళ్ళు ఓడిపోయాక ఇక యుద్ధం అయిపోయినట్టే అన్నారు. ఇప్పుడు సంధి కూడా అయిందట. నువ్వు గెలిచావు. ఇంత మొండిదానివి ఓడిపోతావని నేనెప్పుడూ అనుకోలేదు.

మీ బావ శరదృతువులో పోయాడు. దగ్గు ముదిరింది. రాజుగారి నుంచి రావలసిన పింఛను గురించి ఆఖరుదాకా అర్జీలు రాశాడు, జవాబు రాలేదు. చివరి రోజుల్లో ఒకసారి, "మీ నాన్న చేసిన పని నేను చెయ్యలేకపోయాను. కానీ నేను ఒట్టు వేసిన మాట తప్పలేదు టామ్‌సిన్" అన్నాడు. తప్పలేదు. ఆయన గురించి ఎవరూ నా ముందు తక్కువగా మాట్లాడకూడదు, నువ్వు కూడా.

ఊరి నిండా న్యూయార్క్ నుంచి వచ్చిపడ్డ రాజు పక్షంవాళ్ళు. గుడారాల్లో ఉంటున్నారు. లోయిస్‌కి అయిదేళ్ళు. ఒకటే ప్రశ్నలు. ముక్కు నీది.

మీ వైపు ఈ ఏడు మంచు ఎంత పడింది? బోస్టన్ నుంచి హాల్‌బరీకి బండ్లు ఇప్పటికీ నడుస్తున్నాయా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


హాల్‌బరీ
1783 మే

అక్కా,

బండ్లు నడుస్తున్నాయి. ఊరికే అడిగావట! నిన్ను నేను ఎరగనా? నువ్వు నోరు తెరిచి అడగవు, అడగకపోతే నేను ఇవ్వనని భయం. ఆ భయం ఇక అక్కర్లేదు. ముందు మొన్న జరిగింది విను.

రాజు పక్షం వహించి పారిపోయినవాళ్ళని, వాళ్ళ కుటుంబాలని మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టనివ్వకూడదని చాలా ఊళ్ళు తీర్మానాలు చేస్తున్నాయి. మా ఊరూ సభ పెట్టింది. ఆడవాళ్ళం మందిరం లోపలే పైనున్న వసారాలో కూర్చున్నాం. డీకన్ లేత్రప్ తీర్మానం చదివాడు. పేర్లలో ఆంబ్రోస్ పెల్ ఉంది, "భార్య, సంతానం సహా" అని ఉంది.

నేను లేచాను. సభాధ్యక్షుడు, "కెజాయమ్మా, ఇది పన్ను కట్టే ఇంటివాళ్ళ సభ. కూర్చోమ్మా" అన్నాడు.

"నా ఇంటికి పన్ను ఎవరు కడుతున్నారు?" అన్నాను.

కింద అందరూ తలలు పైకెత్తారు.

"ఈనస్ పోయిన ఏడు నుంచి పొలానికి, ఇంటికి, ఆవుకి పన్ను నేనే కడుతున్నాను. ఎంత కట్టాలో ఈ గదిలో తేలుస్తారు. నన్ను ఎప్పుడైనా అడిగారా? మాట్లాడే హక్కు ఇవ్వకుండా పన్ను వేశాడని ఒక రాజుని వెళ్ళగొట్టాం. మా ఆయన అందుకే పోయాడు. మా నాన్న అందుకే పోయాడు. మరి నన్ను కూర్చోమంటున్న మీరు ఎవరు? కొత్త రాజులా?"

"అది వేరే సంగతమ్మా" అన్నాడు డీకన్.

"ఈ మాట మీ నోట ఇదివరకూ విన్నాను డీకన్ గారూ. క్వాకో ఇప్పుడు స్వతంత్రుడై బోస్టన్ రేవులో సొంత బండి తోలుతున్నాడు. ఏది వేరే సంగతో ఏది కాదో తేల్చడం మీకు చేతకాని పని" అన్నాను.

పైన ఆడవాళ్ళెవరో బల్ల మీద చేత్తో కొట్టారు. ఇంకొకరు, ఇంకొకరు. కింద వాళ్ళు అరుస్తున్నారు. హాలిఫాక్స్ జైల్లో నీ గంజి తాగిన మనిషి లేచి, నీ గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. చేతులెత్తించారు. మన పక్షం చాలా చేతులే లేచాయి. కానీ చాలలేదు. తీర్మానం నెగ్గింది.

అప్పుడు నేను మళ్ళీ లేచి చెప్పాను: "నన్ను అడగకుండా చేసిన తీర్మానం నా గడపకి వర్తించదు. మా అక్క మా ఇంటికి వస్తుంది. వెళ్ళగొట్టడానికి రండి, గుమ్మంలో నేనుంటాను. అప్పటిదాకా పన్ను కట్టను." చెప్పి మెట్లు దిగి వచ్చేశాను.

నిన్న పన్నులవాడు వచ్చాడు. పాపం, గుమ్మం బయటే నిలబడి, "ఏం రాసుకోమంటావు?" అన్నాడు. "ఇవ్వనంది అని రాసుకో" అన్నాను. ఆవుని తోలుకుపోతారేమో చూడాలి. తోలుకుపోనీ. ఊరంతా చూస్తుండగా తోలుకుపోవాలి.

నిన్ను క్షమించానా అని నువ్వు అడగలేదు. నాన్న పక్కన ఆఖరి రోజున ఉన్నది నువ్వు, నేను కాదు. ఆ గంజి గిన్నెతో వెళ్ళిన మనిషిని క్షమించడానికి నేనెవరిని? ఓడ మాత్రం ఎక్కకుండా ఉండాల్సింది. ఆ మాట నీ ముఖం మీదే అంటాను, చచ్చేదాకా అంటాను. అందుకైనా రా.

చెల్లి కెజాయా


బోస్టన్ రేవు
1783 జూలై

చెల్లీ,

దిగాం. ఇది సత్రం బల్ల మీద రాస్తున్నాను. క్వాకోని వెతికి పట్టుకున్నాను, ఈ చీటీ అతని బండిలోనే పంపుతున్నాను; బండి నిండా సరుకు, మాకు చోటు లేదు. నేను ఎవరో చెప్పగానే, "కెజాయమ్మ అక్కగారా? అయితే నోరు బాగా ఉండాలే" అన్నాడు. తెల్లారగానే బయల్దేరి ఇస్తానన్నాడు, కూలి వద్దన్నాడు.

రేవులో, వచ్చేవాళ్ళని తనిఖీ చేసే కమిటీ మనిషి ఒకడు మమ్మల్ని ఆపాడు. హాలిఫాక్స్ నుంచి వచ్చామని చెప్పగానే ముఖం మారింది.

"తిరిగి రావడానికి అనుమతి కాగితం ఉందా?"

"లేదు."

"మీ ఆయన ఎవరి పక్షం?"

"రాజు పక్షం. పోయాడు. మా నాన్న మీ పక్షం. ఆయనా పోయాడు."

"మరి ఎవరి అనుమతితో వచ్చావమ్మా?"

నేను ఏదో చెప్పేలోగా లోయిస్ నా గౌను అంచు వదిలి ముందుకొచ్చి, "మా పిన్ని రమ్మంది" అంది.

"ఎవరు మీ పిన్ని? గవర్నరా?" అన్నాడు అతను నవ్వుతూ.

"కాదు" అన్నాను నేను. "హాల్‌బరీలో పన్ను కట్టనని కూర్చున్న మనిషి."

ఆ సంగతి ఇక్కడిదాకా వచ్చినట్టుంది. అతను పక్కవాడి వంక చూశాడు. తర్వాత తాడు పక్కకి లాగి దారి ఇచ్చాడు.

మీ ఊళ్ళో ఇంత సులువుగా ఉండదని తెలుసు. రాళ్ళు పడితే పడనీ. డీకన్ వస్తే నేనే మాట్లాడతాను. మీ బావ తరఫున క్షమాపణ అడగను, నా తరఫున అడగను. నాకు రావాలనిపించి వచ్చాను, అంతే చెప్తాను. నువ్వు గుమ్మంలో ఒక పక్క నిలబడు, రెండో పక్క నేను నిలబడతాను.

రేపు ఎల్లుండిలో బండి పంపు. బండిలో రొట్టె పెట్టించు. పిల్ల ఓడలో ఏమీ తినలేదు.

అక్క